ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నా, అమ్ముతున్నా, రీమార్ట్‌గేజ్ చేస్తున్నా: ఏ సొలిసిటర్ దగ్గరకు వెళ్లాలి?

మీ ఆఫర్ ఒప్పుకున్నారని చెప్పిన ఫోన్ కాల్‌లోనే ఎస్టేట్ ఏజెంట్ అడిగే మాట: "మీ సొలిసిటర్ ఎవరు?" అప్పటిదాకా మన కుటుంబాల దృష్టంతా మార్ట్‌గేజ్ రేటు మీద, స్కూల్ క్యాచ్‌మెంట్ మీద, స్టేషన్‌కి ఎంత దూరం అన్నదాని మీద ఉంటుంది. లాయర్ సంగతి ఆ కాల్‌తోనే గుర్తొస్తుంది. ఏజెంట్ ఒక నంబర్ ఇస్తాడు, మార్ట్‌గేజ్ బ్రోకర్ మరో పేరు చెబుతాడు. ఆన్‌లైన్‌లో వెతికితే 499 పౌండ్లకే చేస్తామనే ప్రకటన కనబడుతుంది. వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకరు మెచ్చుకున్న ఫర్మ్‌నే ఇంకొకరు వద్దంటే వద్దంటారు.

ఆ ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఒకే ఫర్మ్‌లో ఒకరి ఫైల్ అనుభవం ఉన్న లాయర్ చూసి ఉంటారు, ఇంకొకరిది కొత్తగా చేరిన అసిస్టెంట్ చూసి ఉంటారు. అందుకే ఫర్మ్ పేరు, ధర తర్వాత చూసుకోవచ్చు. మీ ఫైల్ ఎవరి చేతిలో ఉంటుంది, మీ కేసులో ఉన్న చిక్కు ఆ మనిషికి అలవాటేనా అన్నది ముందు తేల్చుకోండి.

ఇక్కడ చెబుతున్నదంతా ఇంగ్లండ్, వేల్స్ గురించి. స్కాట్లండ్ పద్ధతి వేరు. అక్కడ ఆఫర్ పెట్టేదే సొలిసిటర్ కాబట్టి ఇల్లు నచ్చకముందే లాయర్ని చూసిపెట్టుకోవాలి.

## ఈ లాయర్ చేసే పని

మన ఊళ్లో ఇల్లు కొనేటప్పుడు లాయర్‌తో లీగల్ ఒపీనియన్ రాయించుకుంటాం. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు ఆయన చూస్తారు, దస్తావేజు రైటర్ రాస్తాడు, రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అవుతుంది. ఇక్కడ దాదాపు ఈ పనులన్నీ ఒక్కరి మీదే పడతాయి. ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ చూడటం, కౌన్సిల్ నుంచి, నీటి కంపెనీ నుంచి సెర్చ్‌లు (ఆ ఇంటి గురించి వాళ్ల రికార్డుల్లో ఉన్న వివరాలు) తెప్పించడం, అమ్మేవాళ్ల లాయర్ని ప్రశ్నలు అడగడం, బ్యాంకు సొమ్ము తమ క్లయింట్ అకౌంట్‌లోకి తీసుకోవడం, కాంట్రాక్టులు ఎక్స్‌చేంజ్ చేయడం (ఒప్పందానికి ఇరుపక్షాలూ కట్టుబడే ఘట్టం), కంప్లీషన్ రోజున, అంటే ఇల్లు చేతికొచ్చే రోజున డబ్బు పంపడం, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో అయితే 14 రోజుల్లోగా స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేయడం, మీ పేరు రిజిస్టర్‌లో ఎక్కించడం అన్నీ ఆ లాయర్ పనే.

ఎక్స్‌చేంజ్ అయ్యేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. ఆఫర్ ఒప్పుకున్నాక కూడా ఇంకొకరు ఎక్కువిస్తామంటే అమ్మేవాళ్లు అటు వెళ్లిపోవచ్చు. నిదానంగా పనిచేసే లాయర్ వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఇల్లు చేజారితే అప్పటిదాకా సర్వేకి, సెర్చ్‌లకి పెట్టిన ఖర్చు తిరిగి రాదు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. లోన్ తీసుకుని కొంటుంటే మీ లాయరే సాధారణంగా బ్యాంకు తరఫు లాయర్ కూడా. డిపాజిట్‌లో కొంత అమ్మానాన్నలు ఇచ్చారన్న సంగతి మీరు ఆయనకు చెబితే, దాన్ని బ్యాంకుకు తెలియజేయాల్సిన బాధ్యత ఆయన మీద ఉంటుంది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

లైసెన్స్. కన్వేయన్సింగ్ అనే ఈ ఆస్తి బదిలీ పని ఎక్కువగా సొలిసిటర్లు, దీనికే ప్రత్యేకంగా లైసెన్స్ ఉన్న లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు చేస్తారు. సొలిసిటర్ల మీద అజమాయిషీ ఎస్ఆర్ఏ (సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ) అనే సంస్థది, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ల మీద సీఎల్‌సీ (కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్)ది. రెండు సంస్థల వెబ్‌సైట్లలోనూ ఫర్మ్ పేరు కొట్టి చూడొచ్చు. మామూలు కొనుగోలుకు ఇద్దరిలో ఎవరైనా ఒకటే. విడాకుల్లో ఇల్లు పంచుకోవడం, సరిహద్దు గొడవ, కోర్టుదాకా వెళ్లే వ్యవహారం ఉంటే సొలిసిటర్ ఫర్మ్ మేలు, ఆ పనులు చూసేవాళ్లు కూడా అక్కడే ఉంటారు.

బ్యాంకు ప్యానెల్. మీకు లోన్ ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే అది ఒప్పుకున్న లాయర్ల జాబితాలో, ఆ ఫర్మ్ లేకపోతే బ్యాంకు తన తరఫున వేరే లాయర్ని పెట్టుకోవచ్చు. ఆ ఖర్చు మీ మీదే పడుతుంది, ఇద్దరు లాయర్ల మధ్య ఉత్తరాలతో పని కూడా సాగుతుంది. బ్యాంకు పేరు చెప్పి, ప్యానెల్‌లో ఉన్నారో లేదో ఫీజు కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఫైల్ చూసే మనిషి. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ఫోన్ ఎత్తి కొటేషన్ ఇచ్చేది సేల్స్ టీమ్, ఫైల్ చూసేది వేరొకరు. నా ఫైల్ ఎవరు చూస్తారు, వారికి ఎన్నేళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు వారి దగ్గర ఎన్ని ఫైళ్లు నడుస్తున్నాయి, సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, నేరుగా ఫోన్ చేయొచ్చా అని అడగండి. ఫైళ్ల సంఖ్యకు అందరూ సూటిగా జవాబు చెప్పరు. కానీ పేరు కూడా చెప్పలేకపోతే, డబ్బు కట్టాక కూడా పరిస్థితి అలాగే ఉంటుందనుకోవచ్చు.

మీ తరహా కేసులో అనుభవం. ఫ్రీహోల్డ్ ఇల్లు (స్థలంతో సహా మీదే), లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (నిర్ణీత ఏళ్ల లీజు మీద మీది), కొత్త బిల్డ్, షేర్డ్ ఓనర్‌షిప్ (ఇంట్లో కొంత వాటా కొని మిగతాదానికి అద్దె కట్టడం) వేర్వేరు పనులు. ముఖ్యంగా ఎత్తయిన అపార్ట్‌మెంట్ బ్లాకుల్లో ఫ్లాట్లకు 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం వచ్చాక పేపర్‌వర్క్ బాగా పెరిగింది. కనీసం 11 మీటర్ల ఎత్తు లేదా అయిదు అంతస్తులు ఉన్న బిల్డింగుల ఫైళ్లు కొన్ని ఫర్మ్‌లు అసలు తీసుకోవడం లేదు. ఆ సంగతి సగం దారిలో తెలిస్తే వారాలు పోతాయి.

మొత్తం ధర. దీని గురించి కింద విడిగా రాశాను, ఎందుకంటే మనం ఎక్కువగా తప్పుగా పోల్చేది ఇక్కడే.

## కొటేషన్‌లో దాగిన లెక్క

2018 డిసెంబర్ నుంచి సొలిసిటర్ ఫర్మ్‌లు ఇళ్ల కన్వేయన్సింగ్ ధరలను తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ధర తెలుసుకోవడం తేలికే, పోల్చడమే కష్టం.

కొటేషన్‌లో రెండు రకాల సొమ్ము ఉంటుంది. ఒకటి లాయర్ తీసుకునే ఫీజు, రెండోది మీ తరఫున బయటివాళ్లకు కట్టే డిస్బర్స్‌మెంట్లు: సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, స్టాంప్ డ్యూటీ. ఈ రెండోది ఎవరి దగ్గరకు వెళ్లినా దాదాపు ఒకటే కాబట్టి పోలికలో దాన్ని పక్కన పెట్టేయండి. లాయర్ ఫీజు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అదనపు ఫీజులు, వాటి మీద 20 శాతం వ్యాట్ కలిపి చూడాలి.

ఒక లీజ్‌హోల్డ్ ఫ్లాట్ అనుకుందాం. భార్యాభర్తలు కలిసి కొంటున్నారు, అమ్మానాన్నలిద్దరూ చెరికొంత బహుమతిగా ఇస్తున్నారు. పద్ధతి అర్థం కావడానికి ఊహించి వేసిన అంకెలివి:

| అంశం | తక్కువ ధర ప్రకటించిన ఫర్మ్ (పౌండ్లు) | అన్నీ కలిపి చెప్పిన ఫర్మ్ (పౌండ్లు) |
|---|---|---|
| ప్రాథమిక ఫీజు | 499 | 1,100 |
| లీజ్‌హోల్డ్ అదనం | 250 | కలిపే ఉంది |
| మార్ట్‌గేజ్ పని | 125 | కలిపే ఉంది |
| బహుమతి సొమ్ము పరిశీలన, ఇద్దరు దాతలు | 150 | కలిపే ఉంది |
| స్టాంప్ డ్యూటీ రిటర్న్ వేయడం | 95 | కలిపే ఉంది |
| ఐడీ పరిశీలన, ఇద్దరికి | 40 | కలిపే ఉంది |
| బ్యాంకు ట్రాన్స్‌ఫర్ ఫీజు | 35 | కలిపే ఉంది |
| మొత్తం | 1,194 | 1,100 |
| వ్యాట్‌తో | 1,432.80 | 1,320 |

మీ కేసు వివరాలన్నీ ఒకే ఈమెయిల్‌లో రాసి ముగ్గురికి పంపండి: ఫ్రీహోల్డా లీజ్‌హోల్డా, ధర ఎంత, ఎంతమంది కొంటున్నారు, లోన్ ఏ బ్యాంకు, బహుమతి ఎవరెవరి నుంచి, లైఫ్‌టైమ్ ఐసా (ప్రభుత్వం బోనస్ కలిపే పొదుపు ఖాతా) ఉందా. "ఈ వివరాలకు ఇంతకుమించి ఏ ఫీజు పడొచ్చు?" అని చివర్లో అడగండి. కొనుగోలు మధ్యలో ఆగిపోతే ఫీజు ఉండదా, ఉంటే ఎంత అన్నది కూడా అందులోనే అడగాలి. 'నో సేల్ నో ఫీ' అన్నా సెర్చ్‌లకు పెట్టిన ఖర్చు మీరే భరించాలి.

## ఇండియా నుంచి డబ్బు వస్తుంటే

మన వాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

2017 మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో లాయర్ పరిశీలించాలి. మీ ఖాతాలో ఉండటం ఒక్కటే చాలదు, ఇచ్చినవాళ్లకు అది ఎలా వచ్చిందో కూడా చూపాలి. ఇంటికి ఫోన్ చేస్తే సంభాషణ ఇలా మొదలవుతుంది:

"నాన్నా, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆరు నెలలవి పంపాలంట. ఆధార్ కాదు, పాస్‌పోర్ట్ కాపీ కావాలంటున్నారు."

"ఇల్లు కొనేది నువ్వు కదరా, నా పాస్‌బుక్ వాళ్లకెందుకు?"

"డబ్బిచ్చేది మీరు కదా నాన్నా. ఆ సైటు అమ్మిన కాగితాలు కూడా అడిగారు."

ఆ కాగితాలు తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం అడుగుతారు, కొన్ని ఫర్మ్‌లు ధ్రువీకరించిన అనువాదమే కావాలంటాయి. స్థలం అమ్మిన సొమ్మయితే దస్తావేజులో రాసిన ధరకు, ఖాతాలో పడిన మొత్తానికి పొంతన ఉండాలి. దస్తావేజులో తక్కువ చూపించి మిగతాది నగదుగా తీసుకుని ఉంటే, ఆ నగదుకు ఇక్కడి లాయర్ ఒప్పుకునే ఆధారం ఉండదు. స్నేహితుల మధ్య నడిపిన చిట్టీ ఎత్తిన డబ్బుకూ ఇదే ఇబ్బంది. ఇక్కడి ఫ్రెండ్స్ దగ్గర తీసుకున్న చేబదులును బహుమతి అని రాయకూడదు. అది తిరిగి ఇవ్వాల్సిన అప్పు, బ్యాంకు దాన్ని అప్పుగానే చూస్తుంది. బహుమతి అయితే "తిరిగి అడగం, ఇంట్లో మాకు వాటా లేదు" అని తల్లిదండ్రులు రాసివ్వాలి.

ఆర్‌బీఐ నిబంధనల కింద ఇండియాలో ఉండే ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల దాకా పంపొచ్చు. బ్యాంకు ద్వారా, ఇచ్చేవారి సొంత ఖాతా నుంచి నేరుగా వచ్చిన సొమ్ముకు కాగితాలు తేలిగ్గా దొరుకుతాయి. బాబాయి ఖాతా నుంచి కొంత, అక్క ఖాతా నుంచి కొంత వస్తే ప్రతి ఒక్కరూ దాతే, ప్రతి ఒక్కరి స్టేట్‌మెంట్లూ కావాలి.

లాయర్ని ఎంచుకునేటప్పుడు అడగాల్సింది: "విదేశం నుంచి వచ్చే బహుమతి సొమ్ము ఒప్పుకుంటారా? ఏమేం కాగితాలు కావాలి? జాబితా ఇప్పుడే ఇస్తారా?" కొన్ని ఫర్మ్‌లు విదేశీ దాతలంటే ఫైలే తీసుకోవు. ఆ మాట మొదటి రోజే చెబితే మంచిదే. ఎక్స్‌చేంజ్‌కి వారం ముందు చెబితేనే చిక్కు.

ఇక స్టాంప్ డ్యూటీ. ఇంగ్లండ్‌లో 4,00,000 పౌండ్ల ఇల్లు కొంటే, 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రేట్ల ప్రకారం మొదటిసారి కొనేవారికి 5,000, మామూలుగా అయితే 10,000, అదనపు ఇల్లుగా లెక్కకొస్తే 30,000 పౌండ్లు. 'మొదటి ఇల్లు' అంటే ప్రపంచంలో ఎక్కడా ఇల్లు ఉండి ఉండకూడదు. కూకట్‌పల్లిలో మీ పేరిట ఫ్లాట్ ఉంటే మొదటిసారి కొనేవారి రాయితీ పోతుంది. మీ వాటా విలువ 40,000 పౌండ్లు లేదా అంతకు మించితే, మీరు పాత సొంతిల్లు అమ్మి దాని బదులు కొనడం లేదంటే, సాధారణంగా అదనపు ఇంటి రేటు పడుతుంది. భార్యాభర్తల్లో ఒక్కరి పేరిట ఉన్నా ఈ అదనపు రేటు లెక్కలో ఇద్దరినీ కలిపి చూస్తారు. నాన్నగారి పేరిట ఉన్న ఇల్లు మీ లెక్కలోకి రాదు. ఖాళీ స్థలం, పొలం కూడా రావు. తాతగారి ఇంట్లో వారసత్వంగా వాటా వచ్చి ఉంటే మాత్రం దాచకుండా చెప్పాలి. ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో సంగతి: కొనే ముందు 12 నెలల్లో 183 రోజులు ఇక్కడ లేకపోతే మరో 2 శాతం పడొచ్చు. వేల్స్‌లో వేరే పన్ను ఉంది, అక్కడ మొదటిసారి కొనేవారికి ప్రత్యేక రాయితీ లేదు.

చాలా ఫర్మ్‌లు రిటర్న్ వేస్తాయి గానీ పన్ను సలహా ఇవ్వమని షరతుల్లో రాసుకుంటాయి. ఇండియాలో ఇల్లు ఉన్నవాళ్లు ఈ లెక్క ఎవరు చూస్తారో ముందే అడగాలి. తేడా 20,000 పౌండ్లు ఉన్నప్పుడు లాయర్ ఫీజులో 200 మిగిలిందని చూసుకోవడంలో అర్థం లేదు.

## ఎవరెవరు దొరుకుతారు

### ఊళ్లోని సొలిసిటర్ ఫర్మ్

రీడింగ్‌లోనో స్లవ్‌లోనో హై స్ట్రీట్ మీద ఆఫీసు, లోపల ఇద్దరు ముగ్గురు కన్వేయన్సింగ్ లాయర్లు. ఫీజు కాస్త ఎక్కువ. ఫైల్ చివరిదాకా ఒకే మనిషి దగ్గర ఉండే అవకాశం కూడా ఎక్కువే. పాస్‌పోర్ట్ పట్టుకుని స్వయంగా వెళ్లి చూపించొచ్చు, ఎదురుగా కూర్చుని లీజులో అర్థంకాని క్లాజు అడగొచ్చు. ఆ ప్రాంతపు కౌన్సిల్, ఎస్టేట్లు, మేనేజ్‌మెంట్ కంపెనీలు వాళ్లకు తెలిసి ఉంటాయి. లోటు ఏమిటంటే, ఆ లాయర్ రెండు వారాలు సెలవు పెడితే ఫైల్ కదలకపోవచ్చు. చిన్న ఫర్మ్‌లు కొన్ని బ్యాంకుల ప్యానెల్‌లో ఉండవు. లీజ్‌హోల్డ్, ఇండియా సొమ్ము, చైన్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడ్డ ఇళ్ల అమ్మకాల వరుస) లాంటి చిక్కుల్లో ఏది ఉన్నా నేను ముందు ఇలాంటివాళ్లకే ఫోన్ చేయమంటాను.

### ఆన్‌లైన్‌లో పనిచేసే పెద్ద సంస్థ

ఎక్కడో దూరాన ఉన్న ఆఫీసు. పోర్టల్‌లో లాగిన్ అయితే ఏ దశలో ఉందో కనబడుతుంది, యాప్‌లోనే ఐడీ స్కాన్ అయిపోతుంది. ఫీజు తక్కువ, చాలా బ్యాంకుల ప్యానెళ్లలో ఉంటారు. పని విడదీసి చేస్తారు: సెర్చ్‌లు ఒక టీమ్, ఎంక్వైరీలు ఒక టీమ్, కంప్లీషన్ ఇంకో టీమ్. టైటిల్ సాఫీగా ఉన్న ఫ్రీహోల్డ్ ఇంటికి ఇది బాగానే నడుస్తుంది. మామూలుగా లేనిది ఏదైనా వచ్చినప్పుడే, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషికి కథంతా మొదటి నుంచి చెప్పాల్సి వస్తుంది. 2021 నవంబర్‌లో దేశంలోని పెద్ద కన్వేయన్సింగ్ గ్రూపుల్లో ఒకదాని మీద సైబర్ దాడి జరిగింది. సామాన్లు సర్దుకున్న కుటుంబాలు కంప్లీషన్ కాక ఇరుక్కుపోయాయి. అంతా ఒకే కంప్యూటర్ వ్యవస్థ మీద నడిచే చోట ఆ ప్రమాదం ఉంటుంది. పెద్ద సంస్థను ఎంచుకుంటే పేరున్న ఒక కేస్ హ్యాండ్లర్‌ను, ఆయన నేరు నంబర్‌ను అడిగి తీసుకోండి.

### ఏజెంట్ లేదా బ్రోకర్ చెప్పినవాళ్లు

చాలాసార్లు దీని వెనక రెఫరల్ ఫీజు ఉంటుంది. అది చట్టవిరుద్ధం కాదు, కానీ ఆ సంగతి మీకు చెప్పి తీరాలి. ఎంత అని అడగండి. ఆ సొమ్ము చివరికి మీ ఫీజులోంచే వెళుతుంది. ఏజెంట్‌కి తెలిసిన లాయర్ కాబట్టి పని చురుగ్గా సాగొచ్చు, నిజంగా మంచి లాయర్నే చెప్పి ఉండొచ్చు కూడా. అయితే ఏజెంట్ పనిచేసేది అమ్మేవాళ్ల కోసం. మీ లాయర్ మీ తరఫున గట్టిగా ప్రశ్నలు అడగాలి, అవసరమైతే ఈ ఇల్లు వద్దని చెప్పగలగాలి. మా లాయర్ని తీసుకోకపోతే మీ ఆఫర్‌ను పక్కన పెడతామని ఏజెంట్ అనకూడదు, అది నిబంధనలకు విరుద్ధం.

### బిల్డర్ సిఫార్సు చేసినవాళ్లు

కొత్త ఇళ్లకు రిజర్వేషన్ ఫీజు కట్టాక తరచుగా 28 రోజుల్లో ఎక్స్‌చేంజ్ చేయాలంటారు. ఆ సైట్ కాగితాలన్నీ ముందే చూసిన లాయర్ అయితే త్వరగా అవుతుందని బిల్డర్ సేల్స్ వాళ్లు చెబుతారు. వేగం నిజమే. కానీ కొన్నేళ్ల క్రితం పదేళ్లకోసారి రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్‌తో (స్థలం యజమానికి ఏటా కట్టే అద్దెతో) లీజ్‌హోల్డ్ ఇళ్లు కొని, తర్వాత అమ్ముకోలేక అవస్థ పడ్డ కుటుంబాల్లో చాలామంది బిల్డర్ చూపించిన లాయర్ల దగ్గరకే వెళ్లారు. 2022 జూన్ 30 నుంచి ఇచ్చే కొత్త దీర్ఘకాలిక లీజుల్లో మామూలుగా గ్రౌండ్ రెంట్ వసూలు చేయడానికి లేదు. ఎస్టేట్ మెయింటెనెన్స్ ఛార్జీలు మాత్రం ఫ్రీహోల్డ్ ఇళ్లకూ ఉంటున్నాయి, వాటిని ఎవరు, ఎంత పెంచొచ్చో చదివి చెప్పే లాయర్ కావాలి. నా మాటగా అయితే బిల్డర్ జాబితా పక్కన పెట్టి, కొత్త బిల్డ్‌లు తరచుగా చేసే బయటి లాయర్ని చూసుకోండి. 28 రోజులు కుదురుతుందా అని మొదటి కాల్‌లోనే అడగండి. మీకు నచ్చిన లాయర్ని పెట్టుకునే హక్కు మీకుంది.

### మనవాళ్లు చెప్పినవాళ్లు

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్లలో ఇండియన్ లాయర్లు, ఒక్కోసారి తెలుగు తెలిసినవాళ్లు ఉంటారు. దస్తావేజు, చిట్టీ, ఎన్ఆర్ఈ ఖాతా అంటే ఏమిటో వివరించే పని తప్పుతుంది. అది చిన్న లాభం కాదు. కానీ చెప్పినవాళ్లు కొన్నది ఫ్రీహోల్డ్ ఇల్లా, మీరు కొంటున్నలాంటి ఫ్లాటా అన్నది అడగండి. ఎప్పుడు కొన్నారు, ఫైల్ చూసిన మనిషి ఇంకా అక్కడే ఉన్నారా అన్నవి కూడా. పరిచయం ఉంది కదా అని ఎస్ఆర్ఏ రిజిస్టర్ చూడటం మానొద్దు.

### రీమార్ట్‌గేజ్‌లో బ్యాంకు ఇచ్చే ఉచిత లాయర్

రీమార్ట్‌గేజ్ అంటే ఉన్న ఇంటి లోన్‌ను కొత్త డీల్‌కి మార్చుకోవడం. ముందుగా, అసలు లాయర్ కావాలా? ఉన్న బ్యాంకులోనే కొత్త రేటుకు మారితే మామూలుగా లాయర్ పని ఉండదు. వేరే బ్యాంకుకు మారితేనే కావాలి, దానికి చాలా బ్యాంకులు ఉచితంగా లాయర్ని ఇస్తాయి, లేదా క్యాష్‌బ్యాక్ ఇచ్చి మిమ్మల్నే చూసుకోమంటాయి. ఉచిత లాయర్ సాధారణంగా పనిచేసేది కొత్త బ్యాంకు కోసమే. మీ పేరు, మీ ఇల్లు, మారుతున్నది బ్యాంకు ఒక్కటే అయితే ఉచితం తీసుకోండి, వేరే ఆలోచన అక్కర్లేదు. భార్య పేరు కలపడం, ఒకరి పేరు తీసేయడం, హెల్ప్ టు బై లోన్ (ఇల్లు కొనడానికి ప్రభుత్వం ఇచ్చిన అప్పు) తీర్చడం ఉంటే అది ఉచితంలో ఉండకపోవచ్చు, ఉన్నా నెమ్మదిగా సాగుతుంది. అప్పుడు క్యాష్‌బ్యాక్ తీసుకుని సొంత లాయర్ని పెట్టుకోవడమే మంచిది. ఉన్న డీల్ ముగిసేలోపు పని అవ్వకపోతే బ్యాంకు స్టాండర్డ్ రేటు పడుతుంది కాబట్టి కొన్ని నెలల ముందే మొదలుపెట్టండి.

## ఒకచోట చూస్తే

| ఎవరు | ఫీజు | ఒకే మనిషి ఫైల్ చూసే అవకాశం | అడగాల్సిన ముఖ్య ప్రశ్న | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|---|
| ఊళ్లోని ఫర్మ్ | ఎక్కువ | ఎక్కువ | బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నారా, సెలవుల్లో ఎవరు | లీజ్‌హోల్డ్, చైన్, ఇండియా సొమ్ము |
| ఆన్‌లైన్ సంస్థ | తక్కువగా కనబడుతుంది | తక్కువ | కేస్ హ్యాండ్లర్ పేరు, అదనపు ఫీజులు | చైన్ లేని ఫ్రీహోల్డ్ ఇల్లు |
| ఏజెంట్ చెప్పినవాళ్లు | రెఫరల్ ఫీజు కలిసి ఉండొచ్చు | ఫర్మ్‌ని బట్టి | రెఫరల్ ఫీజు ఎంత | అమ్మేవాళ్లకు, తొందర ఉన్నవాళ్లకు |
| బిల్డర్ చెప్పినవాళ్లు | ఒక్కోసారి బిల్డరే కడతాడు | ఫర్మ్‌ని బట్టి | బిల్డర్ నుంచి ఎన్ని కేసులు వస్తాయి | గడువు తప్ప వేరే కారణం కనబడదు |
| మనవాళ్లు చెప్పినవాళ్లు | మారుతుంటుంది | తరచుగా ఎక్కువ | నాలాంటి ఫైల్ ఈ మధ్య చేశారా | తల్లిదండ్రుల బహుమతి ఉన్నవాళ్లు |
| బ్యాంకు ఉచిత లాయర్ | లేదు | తక్కువ | ఉచితంలో ఏవి రావు | పేర్లు మారని రీమార్ట్‌గేజ్ |

## మీ పరిస్థితిని బట్టి

మొదటిసారి కొంటూ లైఫ్‌టైమ్ ఐసా వాడుతుంటే, ఆ సొమ్ము నేరుగా లాయర్‌కే వెళ్లాలి, ఇంటి ధర 4,50,000 పౌండ్లు దాటకూడదు. మీ ఖాతాలోకి తెచ్చుకుంటే 25 శాతం కోత పడుతుంది. ఈ పని తెలిసిన లాయర్ కావాలి, అడగడానికి మొహమాటపడొద్దు.

లీజ్‌హోల్డ్ ఫ్లాట్ కొనేవాళ్లు ధర తక్కువని ఆన్‌లైన్‌కు వెళ్లడం నాకు నచ్చదు. సర్వీస్ ఛార్జీ లెక్కలు, లీజులో మిగిలిన ఏళ్లు, పైకప్పు మరమ్మతుకు రాబోయే బిల్లు మేనేజ్‌మెంట్ కంపెనీ పంపే కాగితాల కట్టలో ఉంటాయి. ఆ కట్ట చదివి మీకు అర్థమయ్యేలా చెప్పే ఓపికకే మీరు ఫీజు కడుతున్నారు.

ఇల్లు అమ్మి ఇంకోటి కొంటుంటే రెండూ ఒకే లాయర్‌కి ఇవ్వండి. రెండు కంప్లీషన్‌లు సాధారణంగా ఒకే రోజు జరగాలి, ఇద్దరు లాయర్లయితే ఒకరి ఫోన్ కోసం ఒకరు ఎదురుచూస్తారు. అమ్మకానికి పెట్టిన రోజే లాయర్ని పెట్టుకుని ఇంటి వివరాలు అమ్మేవాళ్లు రాసిచ్చే టీఏ6 ఫారం నింపడం మొదలుపెట్టండి. కిటికీలు మార్పించారా, లాఫ్ట్ మీద గది వేయించారా, వాటి సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో వెతకడానికే సమయం పడుతుంది.

భార్యాభర్తల్లో ఒకరి తల్లిదండ్రులు మాత్రమే పెద్ద మొత్తం ఇస్తుంటే, ఇంటి యాజమాన్యం ఏ రూపంలో ఉండాలో లాయర్‌తో మాట్లాడండి. జాయింట్ టెనెంట్లుగా ఉంటే ఒకరు పోతే ఇల్లంతా రెండోవారికి వెళుతుంది. టెనెంట్స్ ఇన్ కామన్ అయితే ఎవరి వాటా వారిది. ఇంట్లో ఈ మాట ఎత్తడం కష్టంగా ఉంటుంది, కానీ మంచి లాయర్ తనే ఎత్తుతారు. ఫారంలో టిక్ పెట్టమని పంపించేవాళ్లతో ఈ చర్చే జరగదు.

## డబ్బు పంపే ముందు, పని ఆగిపోతే

లాయర్ బ్యాంకు ఖాతా వివరాలను మొదట్లోనే ఫోన్‌లో ధ్రువీకరించుకోండి. ఆ తర్వాత "మా ఖాతా మారింది" అని ఈమెయిల్ వస్తే అది మోసమనే అనుకోండి. ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబర్‌కు కాకుండా మీ దగ్గర ముందు నుంచీ ఉన్న నంబర్‌కే ఫోన్ చేయండి. డిపాజిట్ సొమ్ము మొత్తం ఒక్క తప్పుడు ఖాతాకు పోయిన కేసులు ఈ దేశంలో చాలా జరిగాయి.

లాయర్ పలకడం మానేస్తే ముందు ఫైల్ చూసే మనిషికి, తర్వాత ఫర్మ్‌లో ఫిర్యాదులు చూసే వ్యక్తికి రాతపూర్వకంగా పంపాలి. వాళ్లకు ఎనిమిది వారాల గడువుంటుంది. అప్పటికీ తేలకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు, దానికి ఫీజు లేదు. మధ్యలో లాయర్ని మార్చుకునే హక్కు కూడా ఉంది, కానీ అప్పటిదాకా చేసిన పనికి డబ్బు కట్టాలి, ఐడీ, సొమ్ము పరిశీలన మళ్లీ మొదటి నుంచి జరుగుతాయి, బ్యాంకు మార్ట్‌గేజ్ ఆఫర్ కాగితాలను కొత్త లాయర్‌కి మళ్లీ పంపాలి. సెర్చ్‌లు ఇంకా రాకముందే అనుమానం వస్తే మార్చేయండి. ఎక్స్‌చేంజ్ దగ్గరపడ్డాక అయితే మార్చడం కన్నా అదే ఫర్మ్‌లో సీనియర్‌ని పట్టుకుని ఫైల్ వారి చేతికి మార్పించుకోవడం మేలు.